సిరా డబ్బ

వరంగల్
జూన్ 9

నా బంగారు అమ్మా,

ఫోన్ చేస్తే పింటూ అన్న స్పీకర్ పెట్టుమంటడు. అందుకే క్లాసు అడ్రస్‌కు ఉత్తరం. గౌలిపుర పాల షెడ్డుల నేను మొదలుపెట్టిన ఆడోళ్ల చదువు క్లాసు, నేను నౌకరీకి ఇటు వచ్చినంక కూడా నడుస్తున్నదంటే మస్తు సంబురమైంది. నువ్వు ఇంట్ల మాత్రం కుట్టుపని నేర్వ పోతున్ననని చెప్పినవట! సరే, ఒక్కటి అడుగుత. మొన్న వీడియో కాల్‌ల బిందు వదిన చెంప మీదికి కొంగు ఎందుకు గుంజుకున్నది?

నీ కోపిష్టి బిడ్డ,
స్రవ్య

గౌలిపుర
జూన్ 15

నా తల్లి స్రవ్యకు,

ఇది నా చేతిరాతే. వంకర ఉంటే నవ్వకు, రెండు దినాలు పట్టింది. బిందు జారిపడ్డది. ఫికర్ చెయ్యకు. నేను గూడ ఎన్నిసార్లు జారిపడలే? మన బర్రె ఈనింది. నువ్వు లేకుంట జున్ను తినబుద్ధి కాలే.

మీ అమ్మ,
ఆండాలు

వరంగల్
జూన్ 19

అమ్మా, నా మొండి అమ్మా,

నీ రాత చూసి ఏడ్చిన. అబద్ధం కూడా అంత గుండ్రంగ రాస్తవా? నాకప్పుడు ఏడేండ్లు. బాపు నీ చెయ్యి విరిచిండు. రామ్‌చందర్ పెద్దబాపు కాగితం తెచ్చి, నీ బొటనవేలు సిరాల ముంచి ముద్ర వేయించిండు. అందరు చాయ్ తాగి పోయిన్రు. పింటూ అన్న అన్నీ చూసిండు. కొట్టుడు నేర్చింది ఆనాడే. ఇప్పుడు వాని బిడ్డ రాగసుధ చూస్తున్నది. మూడేండ్ల పిల్ల ఏం నేర్వాలె, జారిపడుడా?

ఆదివారం వస్తున్న. లొల్లి నేనే చేస్త.

స్రవ్య

గౌలిపుర
జూన్ 24

నా తల్లీ,

ఆదివారం దాక ఆగలేకపోయిన. నిన్న మీ పెద్దబాపు అదే సిరా డబ్బ పట్టుకొచ్చిండు. "ఆండాలూ, సాక్షిగ ఒక్క ముద్ర ఏయ్, అయిపోతది."

"ఏం రాసిన్రు?" అన్న.

పింటూ నవ్విండు. "చెప్తె నీకు సమజైతదా? పోయి నీ జాకెట్లు కుట్టుకో."

కాగితం గుంజుకొని, వాకిట్ల అందరికి ఇనబడేటట్టు కూడబలుక్కుంట సదివిన. "బిందుమాధవి... మెట్ల మీద... జారి... పడినది." చాయ్ కప్పులు ఎక్కడియక్కడ్నే ఆగినయి. "నా కాగితంల గూడ గిదే రాసినవా, బావా?" అని అడిగిన. మీ పెద్దబాపు సిరా డబ్బకు మూత పెట్టిండు. పెన్ను అడిగితే ఎవ్వరు ఇయ్యలే. బిందు తెచ్చిచ్చింది.

"జారిపడలే. నా కొడుకు కొట్టిండు. నేను చూసిన." కింద నా పేరు రాసిన. పింటూ మీదికొస్తే కాగితం రవికెల పెట్టుకొని, "దా, తీస్కో" అన్న.

నీకు అబద్ధం రాసిన, తప్పే. బిందును ధూల్‌పేటల తల్లిగారింటికి పంపుమంటున్నరు. ఆమె ఎందుకు పోతది? మీ బాపు పోయినంక ఇల్లు నా పేరు మీదనే ఉన్నది, ఆ కాగితం గూడ సదివిన. పోతే పింటూనే పోవాలె.

ఠాణాల కూసోని రాస్తున్న. బిందు లోపల చెప్తున్నది. రాగసుధ నా ఒళ్లె కూసోని పెన్ను గుంజుతున్నది. కింద ఆ పిచ్చిగీత దానిదే.

ఇగ జారిపడని నీ అమ్మ,
ఆండాలు