బాపు పన్ను సందు

ఖానాపూర్,
12-8-1962

చిరంజీవి రాజలింగును అవ్వ దీవించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వక్కడ వేళకు తిని, వేళకు పడుకుని బాగుండాలని రోజూ మొక్కుకుంటున్నాను. నీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవన్నీ ఒక్కొక్కటే చెబుతాను. మీ బాపు దగ్గు తగ్గింది. చెల్లె సమ్మవ్వ బిడ్డకు రెండు పళ్లు వచ్చాయి, ఎవరెత్తుకున్నా భుజం కొరికేస్తోంది. వానలు బాగానే పడ్డాయి. నువ్వు పంపిన రగ్గు మీ బాపు కప్పుకోడు, సన్నాయికి చుట్టిపెట్టుకున్నాడు. చెబితే వినే మనిషైతే కదా!

ఇక ఆఖరి ప్రశ్న. "రేడియోలో నా కచేరీ విన్నారా? బాపు ఏమన్నాడు?" అని రాశావు. రేడియో చెడిపోయింది, వినలేదు అని రాద్దామని ఆరు రోజులుగా కలం పట్టుకుని కూర్చుంటున్నాను. నువ్వు బడికి పోయే రోజుల్లో నీ పక్కన కూర్చుని, నీ పలక మీదే నేర్చుకున్న అక్షరాలివి. వీటితో నీకు అబద్ధం రాయబుద్ధి కాలేదు.

విన్నాం. ఆ గురువారం మీ బాపు పొద్దున్నే పొది పట్టుకుని వెళ్లి, గడ్డం గీయించుకున్న ప్రతివాళ్లకూ చెప్పాడు, "పొద్దుమీకి మా రాజలింగు రేడియోల సన్నాయి వాయిస్తడు, రాండ్రి" అని. సాయంత్రం పంచాయతీ ఆఫీసు రేడియో ముందు జాతరే. రేడియోవాళ్లు నిన్ను శేఖర్ గారు అన్నారు. పేరు మార్చుకున్నానని నువ్వు ముందే రాశావు కాబట్టి మేం కంగారు పడలేదు. నువ్వు వాయిస్తుంటే నా ఒళ్లు ఝల్లుమంది బిడ్డా.

ఎడ్లబండి మీంచి పడి మీ బాపు ముందరి పన్ను ఊడింది కదా. అప్పటినుంచి ఆ సందులోంచి గాలి జారిపోయేది. అది తెలియనీయకుండా స్వరం చివర కాస్త వణికించేవాడు. నువ్వు అదీ సంగీతమే అనుకుని నేర్చుకున్నావు, నోటినిండా పళ్లు పెట్టుకుని. రేడియోలో ఆ వణుకు వినగానే మీ బాపు నా మోచెయ్యి పొడిచాడు. "ఇన్నవా? నా పన్ను సందు గూడ పట్టుకపోయిండు!" అని పడీ పడీ నవ్వాడు.

వాయించడం అయ్యాక రేడియో ఆయన ఆ వణుకునే మెచ్చుకున్నాడు. ఎవరు నేర్పారని అడిగాడు. "మా ఇంట్లో సంగీతం లేదండి. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు" అన్నావు.

జనమంతా మా వైపు తిరిగారు. పక్కింటి అంతయ్య, "ఏందే ఐలవ్వ, గట్లంటుండు? గాయన మీ రాజలింగే గద?" అన్నాడు. మీ బాపు నోరు తెరిచేలోపే నేనన్నాను: "కాదు. గాయనెవరో శేఖరట. మా పిలగాడు గాదు. మావోనికి అవ్వ, బాపు ఉన్నరు."

ఈ మాట చెప్పలేకే ఇంతసేపూ వానల గురించి రాశాను. కన్నకొడుకును కాదన్నాను. ఊళ్లో నీ పరువు పోకూడదని అన్నాను. కోపంతో కూడా అన్నాను. ఏది ఎంతో నాకే తెలియదు.

మీ బాపు దారిపొడుగునా నాలుకతో ఆ సందు తడుముకుంటూ నడిచాడు. ఇంటికొచ్చాక అన్నాడు: "బతికున్నోన్ని సచ్చిండంటె ఆయుష్షు పెరుగుతదంటరు గదనే. గంత ఆయుష్షుతోని నేనేం జెయ్యాలె?"

శ్రావణం పెళ్లిళ్లకు పిలవడానికి వచ్చినవాళ్లను తిప్పి పంపాడు. ఎందుకయ్యా అంటే, "నేను వాయిస్తె గా వణుకు ఇని జనం గుర్తుపడ్తరు. పిలగాని మాట పోతది" అన్నాడు. ఆ రోజు నుంచి సన్నాయి రగ్గులోనే ఉంది.

మంగలి పిల్లవాడివని నిన్ను అక్కడ ఎవరు ఏమన్నారో, ఎక్కడ కూర్చోనివ్వలేదో మేం ఊహించలేమా? అందుకే తిట్టడం లేదు. ఇప్పుడిక మాట మార్చకు. మార్చితే మేం ముగ్గురం అబద్ధాలవాళ్లం అవుతాం. నీ గదిలో ఉత్తరాలు ఎవరెవరి చేతుల్లోనో పడతాయి. ఇకమీదట మేనత్త అని సంతకం పెడతాను. ఇది చదివి చింపెయ్యి. వేళకు తిను.

ఇట్లు,
ఈ ఒక్కసారికి
మీ అవ్వ