ముప్పైయెనిమిది ఇళ్ళు, ఒక్క సంతకం

బెంగళూరు బొమ్మనహళ్ళి మేస్త్రీ కాలనీలో ఉంటున్న బేల్దారి మేస్త్రీ సుంకన్న అనే నేను, డెబ్బై రెండేళ్ళ వయసులో, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఏం రాయిస్తున్నానో తెలిసే రాయిస్తున్న వీలునామా ఇది. నా మతి సరిగ్గానే ఉంది. ఆ సంగతి డాక్టరు చేత రాయించి దీనికి జతపరిచాను. రేపు నా ఒక్కగానొక్క కొడుకు నాగేంద్ర కోర్టుకెక్కి, మా నాయనకు మతి లేదంటాడేమోనని నా భయం.

1. కాలనీ నేల: 1988లో కర్నూలు వైపు నుంచి కూలికి వచ్చిన ముప్పైయెనిమిది కుటుంబాలం కలిసి చిక్కమునియప్ప గారి రాగిచేను కొన్నాం. అందరిలో సంతకం వచ్చినవాణ్ణి నేనొక్కడినే. వేలిముద్రలకు అందరూ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్తే ఒకరోజు పని పోతుందని నేలంతా నా పేరున రాయించారు. తీరిగ్గా పంచుకుందామనుకున్నాం. ముప్పైయేడేళ్ళయినా ఆ తీరిక దొరకలేదు. ఇప్పుడు నేను పోతే కాగితం ప్రకారం అందరి ఇళ్ళూ నాగేంద్రవే. బెళ్ళందూరులో అపార్టుమెంట్లు కట్టే ఒకాయన వాడి కోసం రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. కాబట్టి ఎవరు కాపురముంటున్న నేలను వాళ్ళకే రాస్తున్నాను. దారి, బోరు అందరివీ.

2. మా కాలనీ బాలమ్మకు, పోయిన నా భార్య ఇత్తడి బిందె. 1990లో బోరు వేశాక దానికి తాళం పెట్టింది నేను. నేల నా పేరున ఉందన్న పొగరు. ఎదురు చెప్పినవాళ్ళకు ఆఖర్న నీళ్ళు వదిలేవాణ్ణి. తొమ్మిదేళ్ళు ఓర్చుకున్నారు. 1999 వేసవిలో బాలమ్మ గడ్డపారతో తాళం పగలగొట్టి, "నీళ్ళు బూమిలో ఉండాయి, నీ జేబులో లేవప్పా సుంకన్నా" అంది. ఆమె వెనక ఆడవాళ్ళంతా ఉన్నారు, నా భార్యతో సహా. నన్ను పెద్దరికం నుంచి దించేసి వంతులు వాళ్ళే రాసుకున్నారు. మూడేళ్ళు బాలమ్మతో మాట్లాడలేదు. నా భార్య మంచాన పడ్డప్పుడు గంజి కాచి తాగించింది ఆమే. ఆమె చేసింది న్యాయమే. కోపం మాత్రం ఇంకా కొంచెం ఉంది.

3. సివిల్ డిప్లొమా చదువుతున్న మనవరాలు సంధ్యకు నా తాపీ, రసమట్టం. మట్టం చూడటానికి కంటిని నమ్మొద్దు తల్లీ.

4. నాగేంద్రకు నేనుంటున్న రెండు గదుల ఇల్లు. "నీ పేరునే ఉండాది కదా నాయనా, మనదే" అన్నావు నాగేంద్రా. పేరు నాదిరా, నేల కాదు. నా మీద తిరగబడ్డప్పుడు తాళం పగిలింది. నీ మీద తిరగబడితే ఏం పగులుతుందో ఆలోచించుకో.

5. దీన్ని అమలు చేయాల్సింది లాయరు అనిత. ఇద్దరు సాక్షులు చాలని ఆమె చెప్పింది. అయినా నాగేంద్రకు కబురు పెట్టాను. వాడు చూస్తుండగా సంతకం చేస్తే రేపు కాదనలేడు. పొద్దున పదింటి నుంచి కలం పట్టుకుని కూర్చున్నాను. వస్తాడో రాడో తెలియదు.

బొమ్మనహళ్ళి, 14 నవంబరు 2025.

(సంతకం) సుంకన్న

సాక్షులు:
పద్మనాభం, మందుల షాపు
సమీనా, టీచరు
నాగేంద్ర, కొడుకు. ఇందులో రాసింది నాకు ఇష్టం లేదు. కానీ మా నాయన తెలివిగానే ఉండాడు. నా ముందరే సంతకం చేసినాడు.