వెనక కుడి చక్రం

బావగారికి,

మీరూ అక్కా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. మొన్న మీ ఇంటర్వ్యూకి వెళ్తుంటే దారిలో కారు పంక్చరయింది. "ఈ ఏడాది ప్రపంచ కారు రేసులన్నిట్లో గెలిచిన టీము మాది, నిమిషంలో మార్చేస్తా" అన్నది నేనే. కాదనను.

కానీ ఏడాది పొడుగునా, పదహారు రేసుల్లోనూ, కారు చక్రాలు మార్చుకోడానికి ఆగినప్పుడు నా పని వెనక కుడి చక్రం ఊడదీయడం ఒక్కటే. కారు లేపేది ఒకరు, నట్టు విప్పి బిగించేది ఇంకొకరు, కొత్త చక్రం తొడిగేది మరొకరు. అందుకే మీరు కారు లేపి నట్లు విప్పగానే, రెప్పపాటులో చక్రం లాగి, వాటేసుకుని పక్కకు దూకి నిలబడ్డాను. అలవాటు. "మరి తొడిగేదెవరయ్యా?" అని మీరడిగితే నేనూ అటూ ఇటూ చూశాను.

చివరికి ఇస్త్రీ చొక్కాతో బురదలో కూర్చుని మీరే బిగించారు. ఇంటర్వ్యూ టైము దాటిపోయింది.

సంగతేమిటంటే, మా దగ్గర చక్రం తొడిగే మనిషి మానేశాడు. మీ గురించి చెప్పాను, రమ్మంటున్నారు. తొడిగితే చాలు. మీకు పనంతా వచ్చని మాత్రం అక్కడ నోరు జారకండి. నాతో సహా ముగ్గురి పొట్ట కొట్టినవారవుతారు.

మీ బావమరిది