మనోళ్ల సంగతి రాయాల్నా?

జనవరి 9
కొత్తగూడ నుంచి జనగామకు వచ్చేసరికి పొద్దుగూకింది. రెండు బస్సులు మారితే నడుం పడిపోయింది. పోడు భూములు ఎవరు దున్నుతున్నరు, ఎప్పటిసంది — అడిగి రాసుకొచ్చుడే పని; అది చూసి సర్కారోళ్లు కొలిచి పట్టాలిస్తరు. తండాల నన్ను చూడంగనే "మన పిల్లనే" అన్నరు. మా భాషల పలకరిస్తే చాయ్ పెట్టిన్రు. వేరేటోళ్లకు నెల పట్టేది నాకు ఒక్క పూటల అయింది. సంతోషపడాలె... అలసటే ఉన్నది.

జనవరి 11
మళ్ల తండాకే పోయిన, రెండొద్దులు ఉండేటట్టు. ద్వాలి అనేటామె పత్తి ఏరుతున్నది, కూలికి. అరవై దాటినయ్. 'అమ్మా' అనేటందుకు నోరు రాలె, 'యాడీ' అనే వచ్చింది. ఏరుకుంటనే చెప్పింది — ఆ చెల్క భూమి ఆమెదే. మగడు, తను మొద్దులు పెరికి సాగు చేసుకున్నరు. ఆయన చచ్చిపోయిన ఏడే తండా పెద్ద నాయక్ తమ్ముడు వచ్చి నాగలి కట్టిండు.
"నా చెల్కల నాకే కూలి," అన్నది.
ఏడుస్తదనుకున్న. ఏడువలె. ఒడి నింపుకొని పక్క సాలుకు పోయింది.

జనవరి 12
నాయక్‌కు ఎట్ల తెలిసిందో. పొద్దున్నే పిలిచిండు. కోపం లేదు — అదే కష్టం.
"బిడ్డా, ఇంట్ల కొట్లాట కాయితం మీద పెట్టకు. మనయి దొంగ భూములని అనేటందుకు బయటోళ్లు కాసుకొని కూసున్నరు. ఒక్కటి దొరికితే అందరియి కొట్టేస్తరు."
అబద్ధమేం కాదు. మా బాపు భూమికి గూడ ఇంకా పట్టా రాలె.

జనవరి 20
రిపోర్ట్ పంపిన. ద్వాలి సంగతి అండ్ల లేదు.

జనవరి 27
భూపాలపల్లిల మీటింగ్. మా టీమ్‌కు పెద్ద ప్రభ మేడమ్. కాటారం దిక్కు ఊర్లు ఆమే తిరిగింది. అన్నదమ్ముల తగాదాలు, ఎవరిది ఎవరు గుంజుకున్నరు — అన్ని రాసింది. అక్కడోళ్లు ఆమె మనుషులు కారు గద, చెయ్యి ఆగలె.
నా కాయితాలు తిప్పి, "మీ తండాలో ఎవరూ ఎవరితో గొడవే పడరా?" అన్నది. తర్వాత మెల్లగ — "నేను వెళ్తే నాకు చెప్పరు. నీకు చెప్తారు. నువ్వు వదిలేస్తే ఇంకెవరు రాస్తారు?"
మీ కులపోళ్ల ఇండ్లల్లకు పోయి ఎప్పుడన్న గిట్ల అడిగిన్రా మేడమ్ — నోటిదాకా వచ్చింది. మింగిన. ఆమె అడిగినదాంట్ల గూడ తప్పు లేదు.

జనవరి 28
తలనొప్పి. ఏం రాయలె.

ఫిబ్రవరి 2
మళ్ల కొత్తగూడ. యాడికి నిజం చెప్పిన — నీ సంగతి రాయలేదని.
"ఎందుకు?"
"తండా అంత ఆగమైతదని..."
"నేను తండా కానా?"
నోట్‌బుక్ తీసిన.
పేరు పెట్టి రాయాల్నా అని అడిగిన. "పెట్టు. పేరు లేకుంటే చెల్క ఎవరిదని ఎట్ల తెలుస్తది?"

ఫిబ్రవరి 3
రాసిన. రెండు పేజీలు. తండాల మిగిలినోళ్ల భూములు నిజంగ వాళ్లయే అని గూడ అంతే గట్టిగ రాసిన. మేడమ్‌కు పంపిన. పానం తేలికైతదనుకున్న. కాలె.

ఫిబ్రవరి 8
మానుకోట నుంచి బాపు ఫోన్. నేను రాసిన సంగతి నాయక్ ఆయనకు చెప్పిండట. తిట్టలె. "మనోళ్లంత నిన్ను చూసి మురిసిన్రు బిడ్డా," అన్నడు. అంతే. పెట్టేసిండు.

ఫిబ్రవరి 10
ద్వాలి యాడిని ఇప్పుడు పనికి పిలుస్తలేరట. నీళ్ల నల్లకాడ ఎవ్వరు మాట్లాడుతలేరట. ఆమె పక్కింటామె ఫోన్‌ల చెప్పి, యాడికి ఇచ్చింది.
"పేరు తీసెయ్యమంటవా యాడీ? ఇంకా టైం ఉన్నది."
"వద్దు. ఉండనీ."
మళ్ల తనే — "కొలిచేటోళ్లు వచ్చిననాడు నువ్వొచ్చి నా పక్కకు నిలవడ్తవా?"
వస్త అన్న.
పెట్టేసినంక ఆలోచిస్తున్న. రిపోర్ట్ రాసినదాని లెక్క పోవాల్నా, తండా పిల్ల లెక్క పోవాల్నా... యాడి గదేం అడుగలె. కొలిచేటోళ్లు ఏనాడు వస్తరో ఇంకా ఎవ్వరు చెప్పలె.