నా ముద్రలను అరగదీయవలసిన చేయి

సూజౌ నగరం, పాత కాలువ వీధిలో నివసిస్తున్న, కీర్తిశేషులు లూ ఝెంగ్ భార్య, చిత్రకారిణి యాన్ సూచిన్ అను నేను, నా ఎనభై ఒకటో ఏట, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, పూర్తి తెలివితో రాసుకుంటున్న వీలునామా ఇది. తెలివి సరిగానే ఉందా అని నా కొడుక్కు అనుమానం రావచ్చు. ఈ ఉదయం ఒక్క ఊపిరిలో పొడుగాటి తామరకాడ గీశాను. ఎక్కడా చేయి వణకలేదు. వైద్యుడి కాగితం కావాలంటే అదీ జతచేశాను. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు ఏవీ ఇకపై చెల్లవు.

1. నేను ఉంటున్న ఇల్లు, నా అనంతరం, నా ఏకైక కుమారుడు లూ గ్వాంగ్‌హుయ్‌కి సర్వహక్కులతో చెందుతుంది. వంటింటి పైకప్పు కారుతోందని అతనికి పదేళ్ళుగా చెబుతున్నాను. ఇక అది అతని పైకప్పు.

2. నా మనవరాలు లూ ఖెకి నా పచ్చరాతి గాజు, నేను కుంచెలు కడుక్కునే నీలిపూల గిన్నె. చిన్నప్పుడు ఆ గిన్నెలో తీపి ఉండలు వేసుకుని తినేసి, అది తనదేనని ఏడ్చింది. ఆనాటినుంచి దానికి తెలియకుండా అరువు తెచ్చుకున్నట్టే వాడుకుంటున్నాను. దానికి బొమ్మలు వేయడం రాదు, వచ్చినట్టు నటించదు కూడా. అందుకే అదంటే నాకు ప్రాణం.

3. నా శిష్యురాలు దింగ్ రోంగ్‌కి నా కుంచెలన్నీ, వాడని కాగితమంతా. ఆమె తామరలు అచ్చం నా తామరల్లాగే ఉంటాయి. మంచి పిల్లే, కానీ ఆ కాగితం మీద తామర తప్ప మరేదైనా వేయాలి. గుమ్మడికాయ వేసినా సంతోషిస్తాను.

4. మా గురువు హె జిషాన్ గారి సిరా నూరే రాయి ఎవరికి రాశానని వారసులు వెతకవద్దు. అది నా దగ్గర లేదు. ఆయన దాన్ని ఫాంగ్ ఇంగ్‌జుకి ఇచ్చారు.

ఫాంగ్ ఇంగ్‌జు నాకంటే రెండేళ్ళు చిన్నది. అయితే నాకన్నా ఒక వసంతం ముందే వచ్చి గురువుగారి ముందు నేలకు తల ఆనించింది. శిష్యుల్లో వరస వయసును బట్టి రాదు, తల ఆనించిన రోజును బట్టి వస్తుంది. కాబట్టి జీవితమంతా నేను దాన్ని అక్కయ్యా అని పిలవాల్సి వచ్చింది. నలుగురిలో ఉన్నప్పుడు అది నన్ను చెల్లీ అని సాగదీసి పిలుస్తుంది. సభల్లో మా ఇద్దరినీ ఒకే కాగితం మీద బొమ్మ వేయమనేవారు. నేను తామరలు, అది చేపలు. జనం వంగి చేపల్నే చూసేవారు. నా ఆకులు వాటికి పట్టిన గొడుగులన్నట్టు ఉండేది వ్యవహారం. అది నీటికి ఒక్క గీతైనా గీయదు, అయినా చేప తడిగా ఉంటుంది. ఎలాగో కనిపెట్టాలని బజారు నుంచి బతికున్న చేపలు తెచ్చి తొట్టిలో పెట్టుకుని ఒక శీతాకాలమంతా వేశాను. నావి కూరకు తెచ్చిన చేపల్లాగే ఉన్నాయి. నాకు కడుపు రగిలిపోయింది. ఇప్పటికీ చల్లారలేదు, చల్లారిందని నా చావు తర్వాత ఎవరూ ప్రసంగాల్లో చెప్పవద్దు.

5. ఇక అసలు సంగతి. నేను ఒక బొమ్మను పదిసార్లు వేసి, ఒకదానికే నా పేరు చెక్కిన ముద్ర వేస్తాను. ముద్ర పడినదే నాది. మిగిలినవి బీరువాలో కట్టలుగా ఉన్నాయి, చింపడానికి చేతులు రాలేదు. వాటిని చూసి ఒకరోజు నా కొడుకు అన్నాడు:

"అమ్మా, నీకు నచ్చకపోతే ఏమైంది, కొనేవాడికి నచ్చుతుంది. ముద్ర కొడితే చాలు కదా."

నేను పోయిన మర్నాడే ఆ చచ్చు తామరలన్నీ నా పేరుతో ఊరేగుతాయని ఆ రోజు నాకు అర్థమైంది. కాబట్టి నా రాతి ముద్రలన్నింటినీ, పేరు మిగలకుండా, నీళ్ళు పోసి గరుకురాయి మీద అరగదీయాలి. ముద్ర లేని బొమ్మలన్నింటినీ కాల్చాలి. ఈ పని నా కొడుక్కి అప్పగిస్తే ఒక ముద్ర జేబులో వేసుకుంటాడు. దింగ్ రోంగ్‌కి అప్పగిస్తే భక్తికొద్దీ ఒకటి దాచుకుంటుంది. ప్రేమ ఉన్నవాళ్ళను ఈ విషయంలో నమ్మలేను.

నిరుడు నేను ఆసుపత్రిలో ఉండగా, వేలం వేసే చోట నా పేరున ఒక తామర బొమ్మ పెట్టారట. నా కొడుకు చూసి అమ్మదే అన్నాడు. దింగ్ రోంగ్ ముద్ర చూసి అవునని తల ఊపింది. ఫాంగ్ ఇంగ్‌జు చేతికర్ర పట్టుకుని వచ్చి, కళ్ళజోడు మార్చుకుని, అందరిముందూ అన్నదట:

"ఇది మా సూచిన్‌ది కాదు. అది గీసే కాడ ఇంత చచ్చుగా ఉంటే ఇన్నేళ్ళూ నాకీ కడుపుమంట ఎందుకు?"

బొమ్మ దింపేదాకా అక్కడినుంచి కదలలేదట. ఇది నాకు లూ ఖె చెప్పింది. ఇంగ్‌జు నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

కనుక ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత, బీరువా తాళంచెవితో సహా, ఫాంగ్ ఇంగ్‌జుకి అప్పగిస్తున్నాను. నా పేరుతో ఒక్క బొమ్మ ఎక్కువైనా అది ఓర్వలేదు. ప్రతి కాగితాన్నీ చూసి, తప్పేమిటో పైకి చెప్పి గాని కాల్చదు. ఎవరూ తొందరపెట్టవద్దు. టీ పోస్తూ ఉండండి. వసంతంలో కోసిన నా మంచి టీ మాత్రం వద్దు, దానికి మామూలుది చాలు. ఏదో ఒక కాగితం దగ్గర అది చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంటే, ఆ బొమ్మ బాగుందన్నమాట. దాన్ని కూడా కాల్చవలసిందే.

6. ఫాంగ్ ఇంగ్‌జు నాకంటే ముందు పోతే ఐదో అంశం రద్దవుతుంది. ఆ సాయంత్రమే నా ముద్రలు నేనే అరగదీసుకుంటాను. ఇంగ్‌జు చూసి కుళ్ళుకోని బొమ్మకు ముద్ర వేయాల్సిన పని నాకు లేదు.

సూజౌ, 2013 నవంబరు 9.

యాన్ సూచిన్, స్వదస్తూరీతో, కుడి బొటనవేలి గుర్తుతో.

మా కళ్ళెదుట రాసి సంతకం చేశారని, ఇందులో మాకు ఏ వాటా లేదని ధ్రువపరుస్తున్న సాక్షులు:
షెన్ బోలిన్, బొమ్మలకు పట్టు అంచులు అతికే దుకాణం యజమాని.
గూ రుయ్‌ఫెన్, పక్కింటి నివాసి.