మేడమీద నిద్ర, కింద మైకు

మైకు పట్టుకున్న పెద్దాయనకు,

నమస్కారం. మీరు క్షేమమేనని మీ గొంతే చెబుతోంది. నేను క్షేమం కాదు. మీరు ధర్నా చేస్తున్న బస్సుల ఆఫీసు పైనే, మేడమీద అద్దెకుంటాను. రాత్రంతా రొట్టెల కార్ఖానాలో పిండి పిసికి, పొద్దున ఏడింటికి పడుకుంటాను. ఎనిమిదింటికి మీరు లేపుతారు. మొన్న పనిలో కునుకు పట్టి పిండిలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇంకోసారి వేస్తే ఇంటికే అన్నాడు సూపర్‌వైజరు. ఆసుపత్రి ముందు స్టాపు ఎత్తేయడం తప్పే. నా నిద్ర ఏం తప్పు చేసింది?

ఇట్లు,
మేడమీది ఆడమనిషి

తా.క.: "అధికారీ, మేలుకో!" అని అరుస్తున్నారు. అధికారి సంగతి తెలీదు, నేను మాత్రం మేలుకున్నాను.

*

చెల్లెమ్మకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం మావాళ్లందరికీ చదివి వినిపించాను. ముప్పై ఏళ్లు బస్సు నడిపాను, ఆసుపత్రి దగ్గర ఒక్కనాడూ హారన్ కొట్టలేదు. మా ఆవిడ వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తుంది. ఇప్పుడు కిలోమీటరు నడవాలి. దారిలో ఎక్కడ కూలబడుతుందోనని నా భయం. నాలుగు అర్జీలిచ్చాం, ఒక్కదాని మీదా ముద్ర పడలేదు. అందుకే మైకు పట్టాం. అయినా అడిగే హక్కు మాకుంటే, పడుకునే హక్కు నీకుంది. రేపటినుంచి మౌనంగా నిలబడతాం.

నీ అన్నయ్య

తా.క.: మౌనం అనగానే పదిమంది తగ్గారు. వాళ్లు అరవడానికే వచ్చారట.

*

అన్నయ్యగారికి,

మీ మంచితనానికి దండం, కానీ మౌనం మరీ అన్యాయం. తెర తీస్తే ముప్పైమంది, మూతికి నల్లగుడ్డలు, గుడ్లప్పగించి నావైపే! ఎవరికేమైందో, పోలీసులొచ్చారో ఏమోనని పదినిమిషాలకోసారి లేచి చూస్తున్నాను. మైకుంటే కనీసం ఏం జరుగుతోందో తెలిసేది. తట్టుకోలేక కింద ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాను. మీమీద పగతో కాదు, తల తిరిగి.

మీ చెల్లెలు

తా.క.: మూడో వరసలో బట్టతలాయన మూతికి కట్టుకున్నది నా బట్టల తీగమీంచి జారిన, కార్ఖానాలో కట్టుకునే తలగుడ్డ. ఉతికి ఇమ్మనండి.

*

చెల్లెమ్మకు,

ఫిర్యాదు అనగానే మీ వదిన నా సంచిలో దుప్పటి, మాత్రలు సర్దేసింది, జైలుకని. మావాళ్లు కొందరు నీ తలుపు ముందుకొచ్చి అరుస్తామన్నారు. "ఆవిడ నోరు మూయించడానికా మనం మైకు పట్టింది?" అని ఆపాను. ఫిర్యాదు నీ హక్కు. కాదనను. ఏం రాశావో మాత్రం చెప్పు, ఆ లెక్కన స్వెట్టరు కూడా సర్దుకోవాలేమో చూస్తాను.

నీ అన్నయ్య

తా.క.: తలగుడ్డ ఇవ్వనంటున్నాడు. రొట్టె వాసనకి ఆకలి ఆగుతోందట.

*

అన్నయ్యకు,

దుప్పటి సంచిలోంచి తీసేయండి. జరిగింది ఇది. "గొడవ దేనికో వివరంగా రాయండి" అన్నాడు గుమాస్తా. మీ డిమాండ్లన్నీ రాశాను. నిద్రలో లేపినా చెప్పగలను, లేపింది మీరే కదా. చివర్లో నిద్ర సంగతి రాయబోతే కాగితం అయిపోయింది. సంతకం పెట్టాను, ఆయన ముద్ర కొట్టాడు.

నిన్న నోటీసు వచ్చింది. పైన "ధర్నా నాయకురాలు గారికి" అని ఉంది! విచారణకు రమ్మన్నారు. కార్ఖానాలో తెలిస్తే ఏమవుతుందోనని భయపడుతూనే ఇవాళ వెళ్లాను.

నేను నాయకురాలిని కాను, మేడమీద నిద్ర లేక ఫిర్యాదు చేశానంటే, పెద్దాఫీసరు అడిగాడు: "మీకేం కావాలమ్మా? ధర్నా ఎత్తించాలా, స్టాపు వెనక్కి పెట్టాలా? ఒక్కటి చెప్పండి."

ఎత్తించమంటే ఆ పూటే పడుకోవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. "స్టాపు పెట్టండి సార్. వాళ్లే లేస్తారు" అన్నాను. సంతకం చేశాడు. సోమవారం నుంచి బస్సు ఆసుపత్రి ముందే ఆగుతుంది.

మీ చెల్లెలు

తా.క.: సోమవారం వదిన దిగగానే ఒక్క ముక్క రాయండి. అది అందేదాకా నాకెలాగూ నిద్ర పట్టదు.