ఆ గిటార్ తల వాలుతది

దాజీ పేట్, సోలాపూర్

ప్రియమైన బిడ్డ శుభమ్‌కు,

పెద్దమ్మ సులోచన రాసేది. పుణెల వానలు మస్తు పడ్తున్నయని మీ అమ్మ చెప్పింది. పైలం. ఫోన్ చెయ్యక కాగితం ఏంది అనుకోకు. ఫోన్‌ల మావోడు ఆకాశ్ పేరు వస్తె ఇద్దరం మాట మారుస్తం. నువ్వు వానల సంగతి ఎత్తుతవు, నేను ధరల సంగతి ఎత్తుత. రాస్తె ఆగి ఆగి రాయొచ్చు. నాల్గో తరగతి దాకనే చదివిన, తప్పులుంటె సర్దుకో. నువ్వు, ఆకాశ్ తెలుగు బడిల ఒక్క బెంచి మీద కూసున్నోళ్లు, నా రాత నీకు తెలుస్తది.

వాని గిటార్ పుణె బస్సుల పార్సిల్ వేసిన. జరమొచ్చి వాడు పోయినప్పటి సంది అది గోడకు మొలకే వేలాడింది. మీ పెదబాపు టవాళ్ల కారఖానా నుంచి వచ్చి అన్నం ముందట కూసుంటె ఎదురుంగ అదే కనబడ్తది. సగం తిని లేస్తుండు. మొన్న ఆయిననే అన్నడు, "వాయించెటోళ్లకు ఇచ్చెయ్. నడువకుంటె బట్ట నేసే సాంచె సుత తుప్పు పడ్తది."

నువ్వు గిటార్ల దుకాణంల ఉన్నవు, ఆర్కెస్ట్రాల వానితోని డ్రమ్ము కొట్టినోనివి. నీకు తెల్వనిది ఏముంది. నలుగురు వాయించెటోళ్ల చేతికి ఇచ్చి ఏమన్నరో ఉన్నదున్నట్టు రాయి. బాగుందన్నోళ్లకే ఇయ్యి. బాగలేదనుకుంట తీసుకున్నోళ్లు రేపు మంచం కిందికి తోస్తరు. ఎవలికి నచ్చకుంటె నాకే పంపు.

వాడు కొన్ననాడు పక్కింటి పోచమ్మ దాన్ని ఎత్తి చూసి, "ఏందే సులోచన, నా బీడీల చాటంత బరువు లేదు, పోరగాండ్లు ఆడుకునేదా" అని నవ్వింది. వాడు సుత నవ్విండు. అది మంచిదో కాదో నాకు ఇప్పటికి తెల్వదు.

ఇంకొకటి. మీ ప్రోగ్రాంలకు వచ్చినప్పుడు పాట వినబడేది, డ్రమ్ము వినబడేది. మావోనిది ఏ ఆవాజో నాకు పట్టుబడకపోయేది. వాన్ని అడుగుదామంటె సిగ్గయింది.

దీవెనలతోని,
ఆకాశ్ అమ్మ

*

పుణె

ప్రియమైన పెద్దమ్మకు,

శుభమ్ దండాలు. గిటార్ మంచిగ ముట్టింది. చుట్టిన చీర సుత మడత పెట్టి దాచిన. దుకాణానికి వచ్చినోళ్లకు ఇస్తున్న, ఎవలిదో చెప్తలేను. చెప్తె పాపమని బాగుందంటరు.

ముందుగాల రాజారాం కాక. పెండ్లిండ్ల ఆర్కెస్ట్రాల ముసలోడయిండు. బరువు గిటార్ మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది, అంగీ వేసుకుంటె ఒకదిక్కు వేలాడ్తది. మీ గిటార్ భుజానికేసుకొని చానసేపు వాయించిండు. "తక్కువ ధరదే అయుంటది, ఆవాజ్ మాత్రం సస్తగ లేదు. నా వయసుల ఇది దొరికితె ఈ భుజం ఇట్ల కాకపోవు" అన్నడు. బొమ్మ గాదు పెద్దమ్మ, పోచమ్మత్తకు చెప్పు.

గాని విష్ణు అని ఒకడున్నడు, కాలేజీ బ్యాండ్‌ల వాయిస్తడు. వాడు రెండు పాటలకే దించిండు. గిటార్ ఒళ్లు తేలిక, మెడ చివర తల బరువు, తీగలు బిగించే చెవుల ఇనుమంత తలకాడనే ఉంది, ఎడమ చెయ్యి ఇడిస్తె తల నేలను చూస్తుంది అన్నడు. "మెడ ఎత్తి పట్టుకోవాల్నా, తీగ నొక్కాల్నా" అని నన్నే అడిగిండు.

హర్షద అని మన సోలాపూర్ జోడ్‌భావి పేట్ పిల్ల, ఈడ చదువుకుంట వాయిస్తది. చేతులు చిన్నయి. దీని మెడ సన్నగుందని, భుజం నొస్తలేదని దానికి మస్తు నచ్చింది. దానికి సుత అదే తకలీఫ్, తల వాలుతుంది. "ఇదొక్కటి ఆగితె నేనే తీసుకుంట" అంటుంది.

నువ్వు అడిగిన ఆవాజ్ సంగతి. ఆకాశ్ వాయించింది బేస్ గిటార్, దాని లావు మోత చెవికి తెల్వది పెద్దమ్మ. గుండెకాడ, కాళ్ల కింద తెలుస్తది. లేకుంటె ఆపినప్పుడు తెలుస్తది, పాటల నుంచి ఏదో పోయిందని.

నీ బిడ్డ అసొంటోడు,
శుభమ్

*

దాజీ పేట్

ప్రియమైన శుభమ్‌కు,

నీ ఉత్తరం పెదబాపుకు చదివి వినిపించిన. రాజారాం మాట రెండుసార్లు చదివిపిచ్చుకున్నడు. పోచమ్మకు సుత చెప్పిన. "నేనేదో తమాషకు అన్న, ఇన్నొద్దులు మనసుల పెట్టుకున్నవా" అని అప్పటి సంది నా చాటల బీడీ ఆకు కత్తిరిచ్చి వేస్తుంది.

నువ్వు కాళ్ల కింద అన్నవు గదా. పోయిన ఏడు గణపతి పండుగకు మీరు మన ఇంటి దగ్గర అశోక్ చౌక్‌ల వాయిస్తుంటె నేను ఇంట్ల బీడీలు చేస్తున్న. ఒళ్లె చాటల తంబాకు సన్నంగ వణికింది. ట్రక్కు పోతుందనుకొని వాకిట్లకు చూసిన. ట్రక్కు లేదు. అది మావోని గిటారేనని నాకు ఇప్పుడు సమజైంది.

తల వాలుతదంటున్నరు. మావోడు నా ముందట ఎన్నడు అట్ల అన్నట్టు యాదికి లేదు. ఇద్దరు అదే అన్నరంటె నిజమే అయుంటది. వంకలు పెట్టెటోళ్లకు అంటగట్టకు బిడ్డా. ఆ పిల్లను సుత బలిమి చెయ్యకు. తిరిగి పంపెయ్. గోడకున్న మొల నేను పీకలే, అట్లనే ఉంది.

ఆకాశ్ అమ్మ

*

పుణె

ప్రియమైన పెద్దమ్మకు,

నీ ఉత్తరం వచ్చినంక గిటార్ మూట కడుదామని తీసిన. హర్షద ఆగుమన్నది. ఈ గణపతికి అశోక్ చౌక్‌ల దాని ప్రోగ్రాం ఉంది, ఆ లోపల ఎట్లన్న చేసి దీన్ని నిలబెడుదామని. భుజానికి తోలు పట్టా వేసినం, జారింది. నైలాన్‌ది ఇంకింత జారింది. వెనుక దిక్కు ఇనుప వజన్ కట్టినం. తల నిలబడ్డది, గాని బరువైంది. రాజారాం కాక నవ్విండు, "అట్లయితె నా పాతదే మోయొచ్చు గదా" అని.

నిన్న ఫోన్‌ల మా ప్రోగ్రాంది పాత వీడియో దొరికింది. హర్షద వచ్చేదాక తెరువలే. చూసిన. ఆకాశ్ రెండు చేతులు ఇడిచి తల మీద చప్పట్లు కొడ్తుండు, జనాలతోని కొట్టిపిస్తుండు. గిటార్ మెదుల్తలేదు పెద్దమ్మ. తల పైకే ఉంది.

హర్షద వీడియో ఆపి భుజంకాడ చూపించింది. పచ్చటి వెడల్పు పట్టా. టర్కీ టవాలు లెక్క ఉంది. అంచుకు ఎర్ర దారం కుట్టు. ఆ కుట్టు నేను ఎరుగుదు, మా ఆర్కెస్ట్రా అంగీలన్నీ నువ్వే కుట్టినవు.

పార్సిల్‌ల అది రాలే. ఇంట్ల ఉందా? లేకుంటె లేదని రాయి, గిటార్ పంపిస్త. ఉండి ఇయ్యబుద్ధి కాకుంటె సుత లేదనే రాయి. నేను మళ్ల అడుగ.

నీ
శుభమ్

*

దాజీ పేట్

ప్రియమైన శుభమ్‌కు, హర్షద బిడ్డకు సుత,

ఉంది. గిటార్ తీసిన మొలకే ఉంది.

కొన్న కొత్తల వానికి సుత తల వాలింది. "అమ్మా, ఇది నిద్రపోతుంది చూడు" అన్నడు. పోయినసారి యాదికి లేదని నీకు రాసిన, నాకు యాదికే ఉంది. కారఖానాల అంచు తప్పిన టవాలు ఒకటి పక్కకేస్తె మీ పెదబాపు తెచ్చిండు. రెండు మడతలు పెట్టి కుట్టిన. టవాలుకు పోగులు లేచి ఉంటయి గదా, అవి అంగీని పట్టుకుంటయి, జారనియ్యవు. వాడు వేసుకొని వాకిట్ల నిలబడి రెండు చేతులు ఇడిచిండు. పోచమ్మను పిలిచి చూపించిండు.

పార్సిల్ కట్టేనాడు అది తీసి పక్కకు పెట్టిన. గిటార్ కట్టెకు వాని వాసన లేదు, తుడిస్తె పోయింది. పట్టాకు ఉంది, మెడకాడ. వాళ్లు తల వాలుతుందంటున్నరని నువ్వు రాసినప్పుడు, ఇది లేకనే అని నాకు ఎరుకే. పని జరగకుంటె గిటార్ నాకే తిరిగొస్తదనుకున్న. నువ్వు లేదని రాయమన్నవు చూడు, అందుకే ఉందని రాస్తున్న.

కొత్త టవాలుతోని ఇంకొకటి కుట్టి పంపి, ఇదే అది అని చెప్దామనుకున్న. కుట్టిన సుత. పెదబాపు భుజానికేసుకొని గుంజి చూసి, "ఇంక గంజి పోలే, జారుతది. మనిషి ఒంటి మీద తిరుగాలె, అప్పుడే పట్టు వస్తది" అన్నడు. కొత్తది మొలకు వేసిండు. ఇయ్యాల పాతది బస్సుల వేసినం. ఆయినే అశోక్ చౌక్ దాక వచ్చి పార్సిల్ ఇచ్చిండు. ఇంటికి వచ్చి అన్నం పెట్టుమన్నడు.

హర్షదా, దీన్ని ఉతకొద్దని రాద్దామని చానసేపు కూసున్న. అది రాసుడు తప్పు. వానలు వస్తయి, చెమట వస్తది, ఉతకకుంటె పాసిపోతది. ఉతుకు. నీ చెమట పట్టాలె దానికి.

శుభమ్, గణపతికి నన్ను పిలువకు, ఈ ఏడు నేను జనాలలకు రాను. హర్షదకు ఒకటే చెప్పు, పాట నడుమ ఒక్కసారి రెండు చేతులు ఇడువుమను. నేను ఇంట్ల చాట ఒళ్లె పెట్టుకొని ఉంట. చేతులు ఇడిచినప్పుడు తంబాకు వణుకుడు ఆగి, వెంటనె మళ్ల వణికితె, తల వాలలేదని నాకు తెలుస్తది.

మీ ఇద్దరి పెద్దమ్మ,
సులోచన